లక్కపిడతల అంగడి

చన్నపట్న అంటే మద్రాసు చెన్నపట్నం కాదు. బెంగుళూరు నుంచి మైసూరు పోయే దారిలో, బెంగుళూరుకు సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. కన్నడం వాళ్లు దాన్ని బొమ్మల ఊరంటారు. అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల్లో పుట్టిన మాకు ఆ ఊరు బడి విహారయాత్రల్లో తెలుసు. శ్రీరంగపట్నం చూపిస్తామని, మైసూరు ప్యాలెస్ చూపిస్తామని తీసుకుపోయేవాళ్లు. కానీ బస్సు ఆ ఊరి నడిబజారులో ఆగినప్పుడు దిగినంత ఉత్సాహంగా ప్యాలెస్ ముందు కూడా దిగేవాళ్లం కాదు. రోడ్డుకు రెండు వైపులా బొమ్మల అంగళ్లు. ముందు ఊగే గుర్రాలు, వెనక అరల్లో బొంగరాలు, గిలకలు, మూడు చక్రాల నడకబండ్లు, ఎర్రటి, పచ్చటి లక్కపిడతలు. మా దగ్గరున్న చిల్లరకు గుర్రం రాదు. బొంగరం వచ్చేది. చెల్లెలికి పిడతలు వచ్చేవి.

ఆ అంగళ్లలో చాలా ఇప్పుడు మూతపడ్డాయి. బెంగుళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్ రహదారిని 12 మార్చి 2023న ప్రారంభించారు. 118 కిలోమీటర్లు. రామనగర, చన్నపట్న, మద్దూరు, మండ్య ఊళ్లన్నిటినీ పక్కకు నెట్టి బైపాసుల మీదుగా పోతుంది. మూడు గంటల ప్రయాణం గంటన్నరకు తగ్గింది. అది మంచిపనే, కాదనం. కానీ పాత రోడ్డు మీద ఆగే కార్లనూ బస్సులనూ నమ్ముకుని బతికిన అంగడికి ఒక్కసారిగా గిరాకీ లేకుండాపోయింది. ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద పోయేవాడికి బొమ్మ కావాలంటే పనిగట్టుకుని రోడ్డు దిగి ఊళ్లోకి రావాలి. పనిగట్టుకుని బొమ్మ కొనేవాళ్లు తక్కువ. అంగడి కళ్లబడితే, పిల్లవాడు ఏడిస్తే, అప్పుడు కొంటారు.

పత్రికలు బాధపడ్డాయి. మన బాల్యం మూతపడిందని రాశాయి. మేమూ బాధపడ్డాం. కానీ మా బాధలో ఇంకో మాట ఉంది. ఆ అంగళ్ల వెనక సందుల్లో తరిణె ముందు కూర్చున్న చేతుల్లో చాలా మటుకు మా చేతులు.

ఊళ్లో చెప్పుకునే చరిత్ర ప్రకారం ఈ పనిని చన్నపట్నకు తెచ్చింది టిప్పు సుల్తాన్. లక్కపూత కొయ్యసామాను చూసి ముచ్చటపడి, పారశీకం నుంచి పనివాళ్లను రప్పించి, స్థానికులకు నేర్పించాడంటారు. టిప్పు తర్వాత ఊరు తలుచుకునే పేరు బవాస్ మియాఁ. జపాను వాళ్ల లక్కపనిలోని మెళకువలు తెచ్చి ఇక్కడి పనిని బాగుచేశాడని ఆయన్ను చన్నపట్న బొమ్మలకు తండ్రి అంటారు. పనివాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. ఇళ్లలోనే తరిణె పెట్టుకుని బొమ్మలకు రంగు ఎక్కించే ముస్లిం ఆడవాళ్లు చాలామంది. బురఖా వేసుకున్న ఆడది ఇల్లు కదలదని తీర్మానించేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. ఆమె ఇల్లు కదలకుండానే దేశమంతటి పిల్లలకు ఆటవస్తువులు పంపింది.

పని ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి. తెలియకుండా బాల్యాన్ని తలుచుకోవడం సుఖం గానీ, తెలిశాక ఆ తలపు కొంచెం బరువెక్కుతుంది. కన్నడంలో ఆలె మర అనే తెల్లటి, మెత్తటి కొయ్య. మన అంకుడు చెట్టే అది. కోసి, నెలల తరబడి ఎండబెట్టి, తరిణె మీద బిగిస్తారు. పూర్వం బద్దకు తాడు చుట్టి చేత్తో లాగి తిప్పేవాళ్లు, తర్వాత కరెంటు మోటారు వచ్చింది. కొయ్య తిరుగుతుంటే ఉలి ఆనించి రూపు తీస్తారు. రూపు వచ్చాక రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కొయ్యకు నొక్కి పట్టుకుంటారు. ఆ రాపిడికి పుట్టిన వేడితోనే లక్క కరిగి కొయ్యకు పట్టుకుంటుంది. పొయ్యి లేదు, కుంచె లేదు. తర్వాత ఎండిన ఆకుతో రుద్దితే అద్దంలా మెరుపొస్తుంది. లక్క పురుగు నుంచి వచ్చేది, చెట్టు కొమ్మలకు అంటుకుని ఉండేది. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు అంతకంటే మంచి పూత లేదు. ఇదే పని, ఇదే కొయ్య, అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో ఉంది. చెట్ల నుంచి, గింజల నుంచి తీసిన రంగులతో అక్కడి బొమ్మలు పేరు తెచ్చుకున్నాయి. మన భాషలో లక్కపిడత అన్న మాట పుట్టింది ఈ పనిలోంచే. పిడత అంటే చిన్న కుండ, దానికి లక్క పూస్తే లక్కపిడత. ఆ మాట విన్న తెలుగువాడికి కళ్లముందు మెదిలేది గుజ్జనగూళ్లు వండుకునే ఆడపిల్ల. తరిణె ముందు కూర్చున్న మనిషి మెదలడు.

కడప, గుత్తి, గుర్రంకొండ ఒకప్పుడు హైదరలీ, టిప్పుల ఏలుబడిలో ఉన్న సీమ. 1792, 1799 యుద్ధాల తర్వాత అది నిజాముకు దక్కింది. 1800లో నిజాం దాన్ని కంపెనీకి రాసిచ్చేస్తే దత్తమండలాలైంది. కాబట్టి టిప్పు మాకు పరాయి రాజ్యపు సుల్తాను కాదు. టిప్పు కొలువులో ఒక బొమ్మ ఉండేది. తెల్ల సిపాయి మీద పడి గొంతు పట్టుకున్న కొయ్య పులి. పక్కనున్న పిడి తిప్పితే పులి గాండ్రిస్తుంది, సిపాయి మూలుగుతూ చెయ్యి ఊపుతాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక కంపెనీ సైన్యం దాన్ని కూడా పట్టుకుపోయింది. లండన్‌లో కంపెనీ వాళ్ల సొంత భవనంలో 1808 నుంచి జనానికి చూపించారు, వచ్చినవాళ్లంతా పిడి తిప్పి పులిని అరిపించి పోయేవాళ్లు. 1880 నుంచి అది విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. రాజ్యం పోగొట్టుకున్నవాడి బొమ్మ గెలిచినవాడి పిల్లలకు ఆటవస్తువైంది. మా బడి పుస్తకంలో టిప్పు యుద్ధాల తేదీలున్నాయి. కొయ్య పులి సంగతి లేదు. ఉంటే ఆ పాఠం ఇంకా బాగా గుర్తుండేది.

ఇక్కడ ఒక పేచీ ఉంది. పారశీకం నుంచి వచ్చిన పని కదా, అది మనదెట్లా అవుతుందని అడిగేవాళ్లను మేం చూశాం. కొండపల్లి బొమ్మలు చేసే ఆర్యక్షత్రియులు వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని చెబుతారు. వాళ్లు తెల్లపొణికి కొయ్యతో చేసే అంబారీ ఏనుగు తెలుగువాళ్లందరిదీ అయింది. కావలసిందే. అంబారీ అన్న మాట మాత్రం అమారీ నుంచి వచ్చింది, అది పారశీకం దారిన మన నోటికెక్కింది. నిర్మల్ బొమ్మల నకాషీ అన్న మాట అరబ్బీ. మాటలు వచ్చాయి, పనితనం వచ్చింది, వాటిని ఎవరూ వెళ్లిపొమ్మనలేదు. ఆ మాటల వెంట వచ్చిన మనుషుల సంతతిని మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చావని అడుగుతూనే ఉన్నారు. రాజస్థాన్ నుంచి వస్తే వలస, పారశీకం నుంచి వస్తే దండయాత్ర!

మీ మతంలో బొమ్మలు నిషిద్ధం కదా, బొమ్మలెట్లా చేస్తారని ఇంకో ప్రశ్న. ప్రవక్త ఇంట్లో ఆయెషా బొమ్మలతో ఆడుకునేదని, వాటిలో రెక్కల గుర్రం ఒకటి ఉండేదని హదీసుల్లో ఉంది. అది చూసి ప్రవక్త నవ్వారనీ ఉంది. మా ఇళ్లలో నానీలు దర్జీ దగ్గర మిగిలిన గుడ్డపీలికలతో గుడియాలు కుట్టిచ్చేవాళ్లు. గుడ్డాకు గుడియాకు పెళ్లి చేసి బెల్లం పంచేవాళ్లం. నమాజు చేసే గదిలో మాత్రం బొమ్మలు పెట్టనిచ్చేవాళ్లు కాదు. బొంగరానికి, లక్కపిడతలకు ఆ ఇబ్బంది లేదు, వాటికి ముఖాలుండవు. తరిణె మీద గుండ్రటి వస్తువులే తేలిగ్గా వస్తాయి కాబట్టి ఆ బొమ్మలు అలా ఉన్నాయో, ముఖం చెక్కడానికి చెయ్యి రాకనో అనుకోవద్దు. రెండు చుక్కలు పెట్టి కళ్లంటే పిల్లలు నమ్మేస్తారు. పనివాడికి ఆ సంగతి తెలుసు.

మా ఇళ్లలో బొమ్మల కొలువు లేదు. వీధిలో ఉండేది. పండగరోజుల్లో పక్కింటి అత్తమ్మ పేరంటానికి మా అమ్మీని పిలిచేది, మేం కొంగు పట్టుకుని పోయేవాళ్లం. శనగల గుగ్గిళ్లు ఆకులో పెట్టి చేతికిచ్చేవాళ్లు. కొలువులో పై మెట్ల మీద దేవుళ్లు, కింది మెట్టు మీద లక్కపిడతలు, చెక్క సెట్టిగారు, సెట్టెమ్మ, సంత. ఆ పిడతలు చన్నపట్నవో, ఏటికొప్పాకవో మాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. కొన్ని ఇళ్లలో మేం హాలు దాటి లోపలికి పోకూడదు. వంటింటి దాకా పోయిన పిల్లను వెనక్కి పిలిచిన ఇళ్లూ ఉన్నాయి. అయితే తరిణె మీద మా వాళ్ల అరచేతుల్లో తిరిగిన పిడత ఆ ఇంట్లో దేవుడి కాళ్ల దగ్గర పసుపు బొట్టుతో ఉండేది. అంగడి మా చేత చేయించిన పని అది. మాకు తెరుచుకోని తలుపుల్లోంచి మా చేతిపని లోపలికి పోయేది. అంగడి పోయిందంటే ఆ దారి కూడా పోయిందని మా లెక్క.

అన్ని అంగళ్లనూ రోడ్డే మూయలేదు. 2015 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిందూ దేవాలయాలకు చెందిన దుకాణాల వేలంలో ఇతర మతాలవాళ్లు పాల్గొనకూడదని ఉత్తర్వు ఇచ్చింది. శ్రీశైలంలో ఏళ్ల తరబడి దుకాణాలు నడుపుకుంటున్న ముస్లిములు కోర్టుకు పోయారు. 2019లో హైకోర్టు ప్రభుత్వం వైపే మొగ్గింది. డిసెంబరు 2021లో సుప్రీంకోర్టు, మతం కారణంగా వాళ్లను వేలం నుంచి తప్పించకూడదని చెప్పింది. గుడి దగ్గర సారాయి అమ్మొద్దంటే అర్థముంది గానీ పూలు, పిల్లల బొమ్మలు అమ్మేవాడి మతంతో ఏం పని అన్న ధోరణిలో న్యాయమూర్తులు విచారణలో అడిగారు. బొమ్మల ప్రస్తావన దేశంలోకెల్లా పెద్ద కోర్టు దాకా పోవలసి వచ్చింది. మూడు నెలలు తిరిగేసరికి, మార్చి 2022లో, కర్ణాటక కోస్తా జిల్లాల జాతరల్లో ముస్లిం వ్యాపారులు రాకూడదని బ్యానర్లు కట్టారు. జాతరలో అంగడంటే గాజులు, పేలాలు, బొమ్మలే కదా. బుడగలు, కాగితపు గాలిమరలు, కొయ్య బొమ్మలు గంపలో పెట్టుకుని ఒక ఊరి ఉర్సు నుంచి ఇంకో ఊరి తిరునాళ్లకు తిరిగేవాళ్లకు రెండూ ఒకే వరసలో వచ్చే సంతలు. పెనుకొండ బాబయ్య ఉర్సుకు హిందువులూ వస్తారు. ఆ బొమ్మల గంప ముందు కూర్చున్న పిల్లలను మేం ఎన్నడూ కులం, మతం అడగలేదు.

ప్రభుత్వాలు బొమ్మలను పొగిడాయి, అదీ చెప్పుకోవాలి. చన్నపట్న బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఏటికొప్పాకకు 2017లో వచ్చింది. 2001లో దిగుమతుల మీద ఆంక్షలు ఎత్తేశాక చైనా ప్లాస్టిక్ బొమ్మలు సంతలన్నీ నింపేశాయి. కొయ్య బొమ్మ ధరలో సగానికి కీ ఇస్తే నడిచే బొమ్మ వచ్చింది. ఫిబ్రవరి 2020లో విదేశీ బొమ్మల మీద సుంకం 20 నుంచి 60 శాతానికి పెంచారు, 2023లో 70 చేశారు. 30 ఆగస్టు 2020న ప్రధాని రేడియో ప్రసంగంలో చన్నపట్న, కొండపల్లి పేర్లు చెప్పారు, ఏటికొప్పాక పనినీ మెచ్చుకున్నారు. సంతోషమే. కానీ అదే చన్నపట్న స్టేషను మీదుగా మైసూరు పోయే టిప్పు ఎక్స్‌ప్రెస్‌కు అక్టోబరు 2022లో ఆ పేరు తీసేసి వడయార్ ఎక్స్‌ప్రెస్ అని పెట్టారు. కర్ణాటక ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన టిప్పు జయంతిని 2019లో వచ్చిన ప్రభుత్వం ఆపేసింది. వడయార్ల మీద మాకు కోపం లేదు, వాళ్ల మైసూరును మేమూ కళ్లారా చూసి మెచ్చుకున్నాం. బొమ్మ కావాలి గానీ బొమ్మ వెనకున్న కథ వద్దంటే ఎట్లా అన్నదే మా ప్రశ్న.

తరిణెలు ఇంకా తిరుగుతున్నాయి. బెంగుళూరు డిజైనర్లు ఆర్డర్లిస్తున్నారు, ఇంటర్‌నెట్‌లో అమ్మకాలున్నాయి, విదేశాలకూ పోతున్నాయి. ఇప్పుడు బొమ్మ అట్టపెట్టెలో వస్తుంది. చాలా పెట్టెల మీద ఊరి పేరుంటుంది, చేసినవాళ్ల పేరుండదు. పాత అంగట్లో కనీసం అడిగితే చెప్పేవాడు. సందు చూపించి, పోయి చూడండి అనేవాడు. పోయిన పిల్లలకు ఒక చిన్నమ్మ మోటారు ఆపి, చెయ్యి కాలకుండా చూసుకోమని హెచ్చరించి, లక్క కడ్డీ చేతికిచ్చేది.

మా ఇళ్లలో అటక మీద ఎక్కడైనా పాత లక్కపిడత దొరికితే ఇప్పుడు బోర్లించి చూస్తున్నాం. అడుగున, తరిణెకు బిగించిన చోట, రంగు పట్టని చుక్క ఒకటి కొన్నిటికి ఉంటుంది. పిల్లలకు చూపించి, అక్కణ్ణుంచి కథ మొదలుపెడుతున్నాం.