ముక్కుపొడుం పొగాకు: నిల్వలో ఘాటు, వాసన ఎలా మారతాయి?

ముక్కుపొడుం తయారీకి ఎండలో ఆరబెట్టిన ఘాటైన పొగాకును వాడతారు. ఒకే పాళ్లలో కలిపిన పొడుం కూడా కొత్తలో ఒకలా, నెలలు గడిచాక మరోలా ఉంటుంది. ఈ మార్పు డబ్బాలో మొదలయ్యేది కాదు, రైతు ఇంట్లో వేసిన మండెలోనే మొదలవుతుంది. కొనుగోలుదారు ఆకును చేత్తో నలిపి, వాసన చూసి ధర చెబుతాడు. అందుకే నిల్వలో ఏం జరుగుతుందో రైతుకు తెలిసి ఉండాలి.

మండెలో జరిగే మార్పులు

పచ్చి ఆకులో పిండిపదార్థం, మాంసకృత్తులు, పత్రహరితం ఉంటాయి. తోరణాలు కట్టి పందిళ్లపై ఆరబెట్టినప్పుడు ఆకుపచ్చ రంగు పోతుంది. పిండిపదార్థం చక్కెరగా మారి చాలావరకు ఖర్చవుతుంది. అయినా పచ్చివాసన, కరుకు ఘాటు కొంత మిగిలే ఉంటాయి.

మండె వేశాక ఆకులోని తేమ వల్ల లోపల వేడి పుడుతుంది. మాంసకృత్తులు విడిపోయి అమ్మోనియా వెలువడుతుంది. మండె విప్పగానే కళ్లు మండేది అందుకే. మండెను తిరగవేస్తూ ఉంటే ఈ వాయువు బయటకు పోతుంది. కరుకుదనం తగ్గుతుంది, రంగు ముదురుతుంది, వాసన నిలకడకు వస్తుంది. పూర్తిగా పక్వానికి రాకముందే కోసిన ఆకు మాత్రం ఎన్నాళ్లు ఉంచినా పచ్చివాసన వదలదు.

పొడుంలో జరిగే మార్పులు

మద్రాసు రకం పొడుంలో పొగాకుతో పాటు సున్నం, నెయ్యి కలుపుతారు. వీటిలో ఒక్కొక్కటి ఒక్కో తీరుగా మారుతుంది.

- సున్నం: నికోటిన్‌ను త్వరగా ఆవిరయ్యే రూపంలోకి తెస్తుంది. అందుకే కొత్త పొడుం ముక్కుకు గట్టిగా తగులుతుంది. మూత తెరిచి ఉంచితే గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో సున్నం కలిసి దాని పదును తగ్గుతుంది. ఘాటు కూడా పడిపోతుంది.
- నెయ్యి: పొడుం రేగకుండా, త్వరగా ఎండిపోకుండా కాపాడుతుంది. వేడి, వెలుతురు, గాలి తగిలితే కమ్మదనం పోయి మక్కువాసన వస్తుంది.
- తేమ: తగ్గితే పొడుం దుమ్ములా మారి ముక్కును మండిస్తుంది. పెరిగితే గడ్డకట్టి బూజు పడుతుంది.

గాలి చొరని డబ్బాలో కొన్నాళ్లు ఉంచితే ఈ పదార్థాల వాసనలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. అంతకు మించి ఉంచితే లాభం లేదు. ‘పాతబడేకొద్దీ మంచిది’ అన్న మాట సరిగా పండిన ఆకుకు, అదీ కొంతకాలం వరకే వర్తిస్తుంది. ముక్కిన ఆకుతో చేసిన పొడుంలో ఎన్ని కలిపినా ఆ వాసన పోదు.

వాసనను బట్టి గుర్తించడం

- కళ్లు మండించే ఘాటు: మండె ఇంకా పండలేదు. పై ఆకు లోపలికి, లోపలి ఆకు పైకి వచ్చేలా తిరగవేయాలి.
- పులిసిన వాసన, చేయి పెట్టలేనంత వేడి: తేమ ఎక్కువైంది. వెంటనే విప్పి నీడలో ఆరబెట్టాలి.
- ముక్కిన వాసన, తెల్లని లేదా పచ్చని బూజు: ఆ ఆకును వేరుచేయాలి. మంచి ఆకులో కలిపితే మొత్తం సరుకు ధర పడిపోతుంది.
- వాసన లేకపోవడం, ఆకు పొడిపొడి కావడం: ఎక్కువగా ఎండిపోయింది. తెల్లవారుజామున గాలి తేమకు పదునెక్కాకే కదిలించాలి.
- ఆకుపై సన్న రంధ్రాలు, అడుగున పిండి: నిల్వ పురుగు పట్టింది. ఆ బేలును మిగతావాటి నుంచి దూరంగా పెట్టాలి.

బరువు కోసం నీళ్లు చల్లవద్దు

అమ్మే ముందు ఆకుపై నీళ్లు చల్లడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. లెక్క చూడండి. 14 శాతం తేమ ఉన్న 100 కిలోల ఆకులో అసలు సరుకు 86 కిలోలు. తేమను 20 శాతానికి పెంచితే తూకం 107.5 కిలోలు అవుతుంది. పెరిగేది ఏడున్నర కిలోల నీరు మాత్రమే. బేరం ఆ రోజే కుదరకపోతే లోపల వేడి పుట్టి, బూజు పట్టి బేలంతా పాడవుతుంది. కొనుగోలుదారు తేమను గుర్తిస్తే తరుగు తీస్తాడు, లేదా సరుకే వద్దంటాడు.

వర్జీనియా పొగాకుకు పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఉన్నాయి. ఇతర రకాలను రైతులు ఎక్కువగా వ్యాపారులకు, కంపెనీలకు నేరుగా అమ్ముకోవాలి. 2025లో నల్ల బర్లీ ధర పడిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోలు చేయాల్సి వచ్చింది. అలాంటి ఏడాది ఆకు ఇంట్లో ఎక్కువ రోజులు ఆగాలి. సరైన పదునులో కట్టిన ఆకే అలా ఆగగలదు.

నిల్వలో పాటించాల్సినవి

1. ఈనె పూర్తిగా ఆరాకే మండె వేయాలి. వంచితే ఈనె పెళుక్కున విరగాలి, ఆకు మాత్రం పొడి కాకూడదు.
2. మండెను నేలపై కాకుండా చెక్కలపై, గోడకు దూరంగా వేయాలి.
3. మొదటి వారాల్లో రోజూ మండె మధ్యలో చేయి పెట్టి వేడి చూడాలి.
4. అడుగు ఆకులు, నడిమి ఆకులు, కొస ఆకులు వేర్వేరుగా ఉంచాలి. వీటి ఘాటు ఒకేలా ఉండదు.
5. ఎరువులు, పురుగుమందులు, కిరోసిన్ ఉన్న గదిలో పెట్టకూడదు. పొగాకు వాసనలను తొందరగా పీల్చుకుంటుంది.
6. పురుగు కనిపిస్తే ఆకుపై సొంతంగా మందు చల్లకుండా వ్యవసాయ అధికారిని సంప్రదించాలి.

ఆరోగ్య జాగ్రత్త

ముక్కుపొడుంతో సహా పొగ లేని పొగాకు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఈ హానికి ముఖ్య కారణమైన నైట్రోసమైన్లు వేడి, తేమ ఎక్కువగా ఉన్న నిల్వలో పెరుగుతాయి. నత్రజని మోతాదు మించినా ఆకులో నైట్రేట్ పెరిగి వీటికి ఆస్కారమిస్తుంది. కాబట్టి ఎరువు సిఫారసు మేరకే వేయాలి. తడి ఆకు కోసేటప్పుడు నికోటిన్ చర్మం ద్వారా ఒంట్లోకి చేరి వాంతులు, తలతిరుగుడు రావచ్చు. చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. మండె పని చేసే చోట గాలి ఆడాలి, పిల్లలను ఆ పనికి పెట్టకూడదు.

పొగాకు నుంచి వేరే పంటకు మారాలనుకునే రైతులు తమ నేలకు, నీటి వసతికి తగిన పంట ఎంపిక కోసం విత్తే కాలానికి ముందే రైతు సేవా కేంద్రంలో గానీ, కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ సలహా తీసుకోవాలి.