మ్యాపులో లేని పొయ్యి

అమెరికా జియలాజికల్ సర్వే గీసిన పాత మ్యాపులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో అరిజోనాలోని టూంబ్‌స్టోన్ ప్రాంతం నాకు బాగా నచ్చింది.

చదవడం కష్టమేమీ కాదండీ. గోధుమరంగు గీతలు ఎత్తును చెబుతాయి. అవి దగ్గరదగ్గరగా ఉంటే నిటారు కొండ, ఎడంగా ఉంటే పశువులు మేసే బయలు. నీలిగీత తెగితెగి ఉంటే ఏడాదంతా పారని వాగు. అడ్డంగా పెట్టిన రెండు గుద్దళ్ళ బొమ్మ ఉంటే అక్కడ గని ఉన్నట్టు.

ఇది అపాచీల నేల. 1877లో ఎడ్ షిఫెలిన్ ఇక్కడ వెండి కనిపెట్టాడు. "అక్కడ నీకు దొరికేది నీ సమాధిరాయే" అని సైనికులు వెక్కిరించారట. అతను తన గనికి ఆ పేరే పెట్టాడు, ఊరికీ అదే స్థిరపడింది.

1880లో నెల్లీ కాష్‌మన్ అనే ఐరిష్ ఆవిడ ఈ ఊరొచ్చింది. గని పనివాళ్ళకు భోజనం, బస నడిపింది. చర్చికి చందాలు పోగుచేసింది. తోబుట్టువు చనిపోతే ఆమె ఐదుగురు పిల్లల్నీ తనే సాకింది. తను పెళ్ళే చేసుకోలేదు.

తర్వాత గనుల్లో నీళ్ళు ఊరాయి, 1886లో పంపులు కాలిపోయాయి, ఊరు చిక్కిపోయింది. అయినా మ్యాపులో గనుల గుర్తులు మిగిలాయి. ఆ గనులు తవ్వినవాళ్ళకు అన్నం పెట్టిన పొయ్యికి మాత్రం గుర్తు లేదు. సర్వేవాళ్ళను తప్పుపట్టలేం, వాళ్ళు కొలవగలిగిందే గీశారు.

మిగతాది మనమే రాసుకోవాలి. మీ అమ్మమ్మ ఏ ఊళ్ళో, ఎందరికి వండిపెట్టిందో అడిగి, ఓ నోటుబుక్కులో రాసిపెట్టండి.