పదకొండు నిమిషాల మందు

వాంకూవర్ పడమటి కొసన పాయింట్ గ్రే సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం ఉన్నది దాని మీదే. ఆ ప్రాంగణంలో 6190 అగ్రానమీ రోడ్డు, ఆరో అంతస్తులో కార్డియోమ్ ఫార్మా అనే కంపెనీ ఉండేది. లయ తప్పిన గుండెను నిమిషాల్లో దారికి తెచ్చే మందు చేయాలని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి పాటుపడ్డారు. మందు చేశారు కూడా. అది పనిచేసింది. అయినా కంపెనీ నిలవలేదు, మందూ తాను చేరాలనుకున్న చోటికి చేరలేదు. ఏ ఒక్కరి దుర్మార్గమూ లేకుండానే జరిగిన పతనం ఇది.

ముందు జబ్బు సంగతి చెప్పాలి. గుండె పైగదుల్లో విద్యుత్తు కట్టుతప్పి, నిమిషానికి 350 నుంచి 600 సార్లు చిందరవందరగా పరుగులు తీయడమే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ఉత్తర అమెరికాలోని మనవాళ్లు ఏఫిబ్ అంటారు. అర్ధరాత్రి గుండె గుబగుబలాడి మెలకువ వస్తుంది. నాడి పట్టుకుని చూస్తే ఒక దెబ్బకీ తరువాతి దెబ్బకీ పొంతన ఉండదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నిలబడితే కళ్లు తిరుగుతాయి. అన్నిటినీ మించింది భయం. ఇదే చివరి రాత్రేమో అన్న భయం ఒక్కసారి పట్టుకుంటే, గుండె సర్దుకున్నాక కూడా అది వదలదు. కొందరికైతే ఏమీ తెలియదు. పైగదిలో గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి, మాట పడిపోయాకే జబ్బు బయటపడుతుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు సుమారు అయిదు రెట్లు.

ఇక మందులతో కాపురం. గుండె వేగం తగ్గించడానికి మెటోప్రొలాల్ ఇస్తారు. వేగం తగ్గుతుంది గానీ ఒళ్లు బరువెక్కుతుంది, వేళ్లు చల్లబడతాయి, పొద్దున లేచేసరికి పనంతా అయిపోయినంత అలసట. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ ఇస్తారు. మన ఊళ్లలో ఎక్కువగా అదే తరహా మందు ఎసిట్రోమ్. రక్తం గడ్డకట్టే తీరును చెప్పే ఐఎన్‌ఆర్ అంకె 2కీ 3కీ మధ్య ఉండాలని నెలనెలా సూది పోటు. ఆకుకూరలు రోజూ ఒకే మోతాదులో తినమని డాక్టరు చెబితే, ఇంట్లోవాళ్లు భయపడి తోటకూర, గోంగూర పూర్తిగా మాన్పించేస్తారు. 2010లో కెనడాలో ఈ జబ్బుకు డాబిగాట్రాన్ వాడేందుకు అనుమతి వచ్చాక, తరువాత అలాంటివి మరికొన్ని వచ్చాక, ఆ సూది పోటు చాలామందికి తప్పింది. అందరికీ తప్పలేదు. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ముడుచుకుపోయినవాళ్లకు పాత మందే మేలని 2022లో ఇన్విక్టస్ పరీక్ష తేల్చింది. మన పల్లెల్లో ఆ జబ్బు ఇంకా ఉంది కనుక ఈ మాట ఇక్కడ చెప్పడం అవసరమనుకున్నాను.

లయను తిరిగి తెచ్చే మందుల కథ ఇంకా కఠినం. ఎమియోడరోన్ గట్టి మందే, కానీ ఏళ్ల తరబడి వాడితే థైరాయిడ్‌నీ ఊపిరితిత్తులనీ పట్టుకుంటుంది. ఎండకు వెళితే చర్మం కమిలిపోతుంది. ఫ్లెకైనైడ్ మీద 1989 నాటి నీడ ఉంది. గుండెపోటు వచ్చినవాళ్లలో అదనపు స్పందనలను అణచివేస్తే ప్రాణాలు దక్కుతాయని నమ్మి కాస్ట్ అనే పెద్ద పరీక్ష చేశారు. మందు తీసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయారు. లయ సరిచేసే మందు అదే చేత్తో ప్రాణం తీయగలదని వైద్యలోకం ఆనాడు నేర్చుకుంది, మరిచిపోలేదు. ఇవన్నీ కాకపోతే కరెంటు షాకు. బాగా పనిచేస్తుంది. కానీ మత్తు ఇవ్వాలి, పరగడుపున ఉండాలి, ఛాతీ మీద ఆ పలకలు అంటించే క్షణాన్ని తట్టుకోవాలి.

వీటన్నిటికీ మారుగా ఒక మందు దొరుకుతుందని వాంకూవర్‌లో కొందరు నమ్మారు. విశ్వవిద్యాలయంలో ఫార్మకాలజీ ఆచార్యుడు మైకేల్ వాకర్ ప్రయోగశాల లయ తప్పిన గుండెల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ పని చుట్టూ పెరిగిన నార్ట్రాన్ ఫార్మా 2001లో కార్డియోమ్‌గా పేరు మార్చుకుంది. వాళ్ల చేతిలోని పదార్థం పేరు ఆర్‌ఎస్‌డి 1235. తరువాత దానికి వెర్నకలాంట్ అని పేరు పెట్టారు.

దాని వెనుక ఆలోచన అందమైనది. గుండె కణాల్లోకి, కణాల్లోంచి సోడియం, పొటాషియం అయాన్లు పోయేందుకు ద్వారాలుంటాయి. కెవి 1.5 అనే పొటాషియం ద్వారం పైగదుల్లో పనిచేస్తుంది, కిందిగదుల్లో దాని పాత్ర లేనట్టే. మనిషిని చంపే లయభంగం కిందిగదుల్లో పుడుతుంది. కనుక పైగదుల ద్వారాలను మాత్రమే పట్టుకునే మందు దొరికితే జబ్బు లొంగుతుంది, ప్రాణానికి ముప్పు రాదు. వెర్నకలాంట్ సోడియం ద్వారాలను కూడా అడ్డుకుంటుంది, కానీ గుండె వేగంగా కొట్టుకునేటప్పుడే ఎక్కువగా. పది నిమిషాలు నరంలోకి ఎక్కిస్తారు. పావుగంట చూస్తారు. లయ రాకపోతే కాస్త తక్కువ మోతాదులో మరో పది నిమిషాలు. అంతే.

2008లో సర్క్యులేషన్ పత్రికలో వచ్చిన యాక్ట్ 1 పరీక్ష లెక్కలు చూడండి. ఏఫిబ్ మొదలై 3 గంటల నుంచి 7 రోజుల లోపు ఉన్నవాళ్లలో, మందు పడిన 145 మందిలో 75 మందికి లయ తిరిగి వచ్చింది. ఉత్తుత్తి మందు పడిన 75 మందిలో ముగ్గురికే వచ్చింది. లయ దొరికినవాళ్లకు మధ్యస్థంగా పట్టిన సమయం 11 నిమిషాలు. పడక మీద పడుకుని, తెర మీద గీతలు చూస్తూ, పదకొండో నిమిషంలో తన గుండె తన చేతికి వచ్చిన మనిషిని ఊహించుకుంటే ఆ అంకె విలువ తెలుస్తుంది. పది మందిలో ముగ్గురికి నోటి రుచి మారింది. ఆరుగురిలో ఒకరికి తుమ్ములు వచ్చాయి. గుండె మందుకు తుమ్ములు రావడం వింతే గానీ, మత్తూ షాకూ తప్పితే తుమ్ములను ఎవరు లెక్కచేస్తారు?

తరువాత ఎమియోడరోన్‌తో పోల్చి చూసిన అవ్రో పరీక్షలో గంటన్నరలోపు 51.7 శాతం మందికి లయ వచ్చింది, ఎమియోడరోన్‌తో 5.2 శాతానికే. ఈ పోలికలో కొంత పక్షపాతం ఉందని చెప్పాలి. ఎమియోడరోన్ గంటల తరబడి పనిచేసే మందు, దానికి గంటన్నర గడువు పెట్టడం న్యాయం కాదు. కానీ ఎమర్జెన్సీ గదిలో ఉన్న రోగికి కావలసింది ఆ గంటన్నరే కదా.

కంపెనీ ముఖ్య నిర్వాహకుడు బాబ్ రీడర్ నాయకత్వంలో ఆశలు ఆకాశాన్నంటిన రోజులవి. ఉత్తర అమెరికా హక్కులు తీసుకున్న ఫుజిసావా, తరువాత విలీనంతో ఆస్టెలాస్ అయింది. 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు దరఖాస్తు వెళ్లింది. సమాచారంలో పొంతన లేదని అది పరిశీలనకే నోచుకోకుండా తిరిగి వచ్చింది. నా దృష్టిలో మొదటి దెబ్బ ఇదే. మందులో లోపం కాదు, కాగితాల్లో లోపం. సరిదిద్ది మళ్లీ ఇచ్చేసరికి ఆ ఏడాది చివరికొచ్చింది. 2007 డిసెంబరులో ఎఫ్‌డీఏ సలహా సంఘం 6–2తో అనుమతికి మొగ్గింది. వాంకూవర్‌లో ఆ రోజు ఎంత ఊపిరి పీల్చుకుని ఉంటారో! కానీ 2008 ఆగస్టులో సంస్థ అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఇంకా సమాచారం కావాలంది.

2009 ఏప్రిల్‌లో మందుల కంపెనీ మెర్క్ వచ్చింది. ముందుగా 6 కోట్ల డాలర్లు, దశలు దాటే కొద్దీ మరిన్ని. మెర్క్ కన్ను ప్రధానంగా మాత్ర మీద ఉందని నేననుకుంటాను. నరంలోకి ఎక్కించేది ఒక రాత్రి మందు, మాత్ర జీవితాంతపు మందు. రోజుకు రెండుసార్లు 500 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో మూడు నెలల తరువాత సుమారు సగం మంది సరైన లయలోనే ఉన్నారు, ఉత్తుత్తి మాత్రతో మూడో వంతుకు కాస్త పైన. 2010 సెప్టెంబరులో ఐరోపాలో బ్రినావెస్ పేరుతో ఇంజెక్షన్‌కు అనుమతి వచ్చింది.

ఆ సంతోషం రెండు నెలలు కూడా నిలవలేదు. అమెరికా అడిగిన భద్రతా సమాచారం కోసం యాక్ట్ 5 అనే పరీక్ష నడుస్తోంది. దక్షిణ అమెరికాలో ఒక రోగి మందు తరువాత కార్డియోజెనిక్ షాకులోకి, అంటే గుండె ఒంటికి చాలినంత రక్తం పంపలేని స్థితిలోకి, వెళ్లాడు. అక్టోబరులో పరీక్ష ఆగింది, మళ్లీ మొదలవలేదు. ఆ రోగి ఎవరో మనకు తెలియదు. అతని కుటుంబానికి ఇది కంపెనీ పతనం కథ కాదు, తమ ఇంటి మనిషి కథ. ఈ గాథ చెప్పేటప్పుడు అతన్ని ఒక అడ్డంకిగా మాత్రమే చెప్పడం తప్పు.

2011లో డ్రోనెడరోన్ అనే మరో లయ మందు మీద పల్లాస్ పరీక్షను హాని కనిపించి మధ్యలో ఆపేశారు. ఆ ఏడాది నుంచి ఇలాంటి మాత్రలంటే అందరికీ జంకు పట్టుకుందని నేననుకుంటాను. 2012 మార్చిలో మెర్క్ మాత్ర పని ఆపేసింది. నియంత్రణ వాతావరణం, పట్టబోయే సమయం కారణాలుగా చెప్పింది. కార్డియోమ్ వాటా ధర కుప్పకూలింది. సెప్టెంబరులో మెర్క్ హక్కులన్నీ తిరిగి ఇచ్చేస్తున్నట్టు చెప్పింది. పరిశోధనశాల మూతపడింది. సీసాలు, పరికరాలు, ఏళ్ల అనుభవం ఉన్న చేతులు ఒకే ఏడాదిలో చెల్లాచెదురయ్యాయి. మెర్క్‌కు కార్డియోమ్ బాకీపడిన 5 కోట్ల డాలర్ల అప్పును 2 కోట్లకు తెగ్గొట్టుకున్నారు. ఆ నగరంలో అది ఒంటరి పతనం కూడా కాదు. అక్కడే పుట్టిన మరో కంపెనీ యాంజియోటెక్ 2011లో అప్పులవాళ్ల నుంచి రక్షణ కోసం కోర్టుకెక్కింది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన విలియం హంటరే 2012లో కార్డియోమ్ పగ్గాలు అందుకున్నాడు.

హంటర్ పట్టువదల్లేదు. కొరేవియో అనే కంపెనీని కొన్నాడు, బ్రినావెస్‌ను ఐరోపాలో అమ్మించాడు. పుట్టింటి దేశం కెనడాలో దానికి అనుమతి వచ్చింది 2017లో, ఐరోపా తరువాత ఏడేళ్లకు. మరుసటి ఏడే కెనడా వ్యాపారాన్ని సిఫర్ ఫార్మాకు అమ్మేశారు. కంపెనీ పేరు కూడా కొరేవియోగా మారింది.

చివరి ప్రయత్నం 2019. ఐరోపాలో 1,778 మంది రోగులను గమనించిన స్పెక్ట్రమ్ అధ్యయనంతో మళ్లీ ఎఫ్‌డీఏ గడప తొక్కారు. వాడుకలో పది మందిలో ఏడుగురికి లయ వచ్చింది. రక్తపోటు తక్కువ ఉన్నవాళ్లకు, గుండె బాగా బలహీనమైనవాళ్లకు ఇవ్వకుండా ముందే వడపోస్తామన్నారు. డిసెంబరు 10న సలహా సంఘం కూర్చుంది. రక్తపోటు పడిపోవడం, కిందిగదుల లయ దెబ్బతినడం, మరణం ఇవన్నీ బల్ల మీదికి వచ్చాయి. 11–2తో వద్దన్నారు. పన్నెండేళ్ల కిందట ఇదే నెలలో 6–2తో కావాలన్న మందు. క్రిస్మస్ ముందురోజు తిరస్కరణ ఉత్తరం అందింది. 2020లో అడ్వాన్జ్ ఫార్మా వాటా ఒక్కింటికి 42 సెంట్లు ఇచ్చి కంపెనీని కొనేసింది.

తప్పెవరిది? నియంత్రణ సంస్థను తిట్టలేను. ఏఫిబ్ ఆ రాత్రికి మనిషిని చంపడం అరుదు, షాకు అందుబాటులో ఉంది, అలాంటప్పుడు మందు వల్ల ఒక్క ప్రాణం పోయినా త్రాసు అటే మొగ్గుతుంది. పైగా కెనడా ఎమర్జెన్సీల్లో పాతకాలపు ప్రొకైనమైడ్‌తోనే సగం మందికి లయ వస్తుందని 2020లో లాన్సెట్‌లో వచ్చిన పరీక్ష చూపింది. అదే ఏడాది వాంకూవర్ వైద్యుడు జేసన్ ఆండ్రేడ్ బృందం, మొదటే చలితో అబ్లేషన్ చేస్తే, అంటే లయ తప్పించే కణజాలాన్ని చలితో నిర్వీర్యం చేస్తే, మందుల కన్నా మేలని ఎర్లీ ఏఎఫ్ పరీక్షలో తేల్చింది. కాలం ఆ మందును దాటిపోయింది.

అయినా నాకొక ఫిర్యాదు మిగిలింది. ఆ త్రాసులో మరణాలున్నాయి, రక్తపోటు అంకెలున్నాయి. పడక మీది మనిషి భయానికి బరువు ఎంత కట్టారు? మత్తు వద్దనుకునే ముసలాయన ఇష్టానికి ఎంత? వాటిని అంకెల్లో పట్టుకోవడం కష్టం కనుక అవి తేలికైపోయాయి. రెండు వైపులా చూసి ఎంచుకునే అవకాశం కనీసం జాగ్రత్తగా వడపోసిన రోగులకైనా ఉండాల్సిందని నా తీర్పు.

ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్లకు ఒక మనవి. గుండె లయ తప్పిన ప్రతిసారీ ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, ఏ మందు వేసుకున్నాక ఒంట్లో ఏమైంది, ఏ పని చేయలేకపోయారు, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించండి. మందు పడకపోతే నోరు తెరిచి చెప్పండి. రక్తం పలచబరిచే మందును మాత్రం మీ అంతట మీరు ఎన్నడూ ఆపకండి.