కౌలు చిరునామాలు

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఎక్కడ నలుగురు చేరినా మాట భూమి మీదికి మళ్లుతుంది. సర్వే నంబరెంత, పట్టా ఎవరి పేరున ఉంది, హద్దురాళ్లు ఉన్నాయా, పక్క లేఅవుట్‌లో గజం ఎంత పలికింది. రాష్ట్ర ప్రభుత్వం భూమి రికార్డుల ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబరు 29న ప్రారంభించింది కూడా ఈ జిల్లాలోని మూడుచింతలపల్లిలోనే. భూమి లెక్కలు ఇంతగా పట్టించుకునే చోట, ఎవరి కంటా పడని మరో పంపకం ప్రతి నిమిషం జరుగుతోంది. ఇంట్లో ఫోన్, కాలేజీలో ల్యాప్‌టాప్, దుకాణంలో సీసీ కెమెరా, నెట్‌వర్క్‌లోకి వచ్చిన ప్రతిదానికీ ఒక అంకెల చిరునామా దొరుకుతోంది. అదే ఐపీ అడ్రస్. అది పట్టా భూమి లాంటిది కాదు, కౌలు భూమి లాంటిది. దానికి గడువుంటుంది. గడువులోపు పొడిగించుకోవాలి. వదిలేసి వెళ్తే మరొకరికి పోతుంది. ఈ కౌలు పద్ధతి లేకపోతే నగరం అంచున ఇన్ని ఇళ్లకు ఇంటర్నెట్ ఇంత సులువుగా వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

తూంకుంటలో ఒక ఇంటికి చుట్టం వచ్చి వైఫై పాస్‌వర్డ్ అడిగాడనుకుందాం. పాస్‌వర్డ్ కొట్టాక తెరమీద 'కనెక్టెడ్' అని పడేలోగా నాలుగు మాటలు నడుస్తాయి. ఫోన్‌కు అప్పటికి చిరునామా లేదు కాబట్టి, పంపేవారి గడిలో 0.0.0.0 అని వేస్తుంది. ఎవరిని అడగాలో కూడా తెలియదు కాబట్టి, అందుకునేవారి గడిలో 255.255.255.255 వేస్తుంది. ఇక్కడున్న అందరికీ అని దాని అర్థం. చిరునామా ఇచ్చేవాళ్లెవరైనా ఉన్నారా అన్నది మొదటి మాట, డిస్కవర్. రౌటర్ తన జాబితా చూసుకుని 192.168.1.7 ఖాళీగా ఉంది, 24 గంటలకు ఇస్తానంటుంది. అది ఆఫర్. సరే, అదే ఇమ్మంటుంది ఫోన్. అది రిక్వెస్ట్. ఈ మూడో మాటను కూడా ఫోన్ అందరికీ వినబడేలాగే చెబుతుంది. ఆ నెట్‌వర్క్‌లో ఇంకో సర్వర్ కూడా ఆఫర్ ఇచ్చి ఉంటే, తనది వద్దన్నారని దానికి తెలిసి, పక్కన పెట్టిన నంబరును తిరిగి జాబితాలో కలుపుకుంటుంది. చివరిది రౌటర్ ఖరారు చేసే మాట, అక్‌నాలెడ్జ్. దాంతోపాటే బయటికి వెళ్లే దారి ఏది, ఈ నెట్‌వర్క్ హద్దు ఎంతవరకు, వెబ్‌సైట్ పేర్లకు అంకెలు చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ ఏది అన్న వివరాలూ అందుతాయి. ఈ పద్ధతి పూర్తిపేరు డైనమిక్ హోస్ట్ కాన్ఫిగరేషన్ ప్రోటోకాల్. అందరూ పిలిచేది డీహెచ్‌సీపీ అని.

కంప్యూటర్లకు మొదట్లో ఈ గొడవే లేదు. ఇదే జిల్లాలో, కుషాయిగూడ దగ్గర, 1967లో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో 1970లలో టీడీసీ కంప్యూటర్లు తయారయ్యాయి. ఆ కాలపు యంత్రాలు పెట్టిన గదిలోనే తమ పని తాము చేసుకునేవి. నలుగురితో కలిసినప్పుడే చిరునామా అవసరం పడింది.

ఇప్పటికీ మనం వాడుతున్న ఐపీ నాలుగో వెర్షన్‌కు 1981లో ప్రమాణం రాశారు. ప్రతి యంత్రానికీ ఒక 32 బిట్ల సంఖ్య. దాన్ని మనిషే కూర్చుని కొట్టాలి. డిస్కు లేని వర్క్‌స్టేషన్లు వచ్చాక అదీ కుదరలేదు. నంబరు దాచుకునే చోటే లేదు గనక, కరెంటు పోయి వస్తే యంత్రానికి తన చిరునామా గుర్తుండదు. నెట్‌వర్క్ కార్డులో తయారీ సమయంలోనే వేసిన హార్డ్‌వేర్ నంబరు ఒక్కటే మిగులుతుంది. ఆ నంబరు చెప్పి ఐపీ అడిగే రార్ప్ అనే పద్ధతి 1984లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. అది ఒక్క నెట్‌వర్క్ దాటి పోయేది కాదు, చిరునామా తప్ప మరో వివరం చెప్పేది కాదు. మరుసటి ఏడాది బిల్ క్రాఫ్ట్, జాన్ గిల్‌మోర్ రాసిన బూట్‌పీ ఆ లోపాలు తీర్చింది. అయినా ఫలానా కార్డుకు ఫలానా చిరునామా అని ఎవరో ఒకరు ముందే పట్టిక రాసిపెట్టాలి. యంత్రం మూలన పడి ఉన్నా దాని నంబరు దానిదే. ఆ రోజులింకా పట్టాల రోజులే.

పెన్సిల్వేనియాలోని బక్‌నెల్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ బోధించే రాల్ఫ్ డ్రోమ్స్ చొరవతో, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్‌లో 1989లో ఇందుకోసం ఒక బృందం ఏర్పడింది. 1993 అక్టోబరులో డీహెచ్‌సీపీ ప్రమాణం వెలువడింది. ప్రచురణలో తప్పులు దొర్లడంతో అదే నెలలో మళ్లీ వేశారు. 1997 మార్చిలో సవరించిన ప్రతి ఇప్పటికీ ఆధారం. ఈ బృందం చూపిన పొదుపు నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. బూట్‌పీ సందేశం ఆకారాన్ని, 67, 68 అనే పోర్టు నంబర్లను అలాగే ఉంచేశారు. బూట్‌పీ సందేశాలను ఒక నెట్‌వర్క్ నుంచి మరోదానికి చేరవేసే ఏర్పాటు అప్పటికే చాలా సంస్థల్లో ఉంది, దాన్ని ఎవరూ మార్చాల్సిన పని పడలేదు. ఈ రోజు మీ ఫోన్ పంపే డిస్కవర్ సందేశంలోనూ అదనపు వివరాల ముందు 99, 130, 83, 99 అనే నాలుగు సంఖ్యలుంటాయి. బూట్‌పీ కాలంలో పెట్టిన గుర్తులవి.

వాళ్లు కొత్తగా తెచ్చింది గడువు. గడువులో సగం గడవగానే యంత్రం తనకు చిరునామా ఇచ్చిన సర్వర్‌నే పొడిగించమంటుంది. జవాబు రాకపోతే, ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక, ఎవరైనా సరే పొడిగించండని అందరినీ అడుగుతుంది. అప్పటికీ ఎవరూ పలకకపోతే, గడువు తీరిన క్షణం ఆ చిరునామా వదిలేయాలి. చెప్పకుండా వెళ్లిపోయిన చుట్టం ఫోన్ తాలూకు 192.168.1.7 మర్నాటికి దానంతటదే జాబితాలో చేరుతుంది. ఇచ్చినవాడు వెంటపడి వసూలు చేసుకోనక్కర్లేదు. ఎవరొస్తారో, ఎంతసేపుంటారో తెలియని చోట కొద్ది నంబర్లతో అందరికీ సరిపెట్టడం దీనివల్లే సాధ్యమైంది. మైక్రోసాఫ్ట్ 1994లో విండోస్ ఎన్‌టీ 3.5లో ఇచ్చే సర్వర్‌ను, 1995లో విండోస్ 95లో అడిగే వీలును పెట్టడంతో ఇది మామూలు ఆఫీసులకు చేరింది.

మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను ప్రజలకు అందించింది. డయలప్‌లో ఫోన్ కలిసి ఉన్నంతసేపే చిరునామా మనది. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకూ అనుమతి వచ్చాక, హైదరాబాద్ కాలనీల్లో కేబుల్ టీవీ వైర్లు లాగిన చేతులే ఇంటర్నెట్ వైర్లూ లాగాయి. 2000ల మొదట్లో కనెక్షన్ ఇవ్వడానికి వచ్చే కుర్రాడి దగ్గర ఒక చీటీ ఉండేది. ఐపీ, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్ అని నాలుగు వరుసలు. కంట్రోల్ ప్యానెల్ తెరిచి ఒక్కో గడిలో అంకెలు కొట్టి, పింగ్ చేసి, రిప్లై వస్తోందని చూపించి డబ్బు తీసుకునేవాడు. సిస్టమ్ ఫార్మాట్ చేయించిన రోజు ఆ చీటీ కోసం ఇల్లంతా వెతకాలి. ఎవరైనా పొరపాటున పక్కింటి నంబరు కొట్టుకుంటే ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని హెచ్చరిక పడేది, ఒకరికి నెట్ పోయేది. ఏ ఇంటికి ఏ నంబరో ఆపరేటర్ నోటుబుక్కులో రాసుకునేవాడు.

జనం కదలని ఊళ్లో ఆ నోటుబుక్కు సరిపోయేది. మేడ్చల్, శామీర్‌పేటల్లో జనం కదలకుండా ఎక్కడున్నారు? న్యాయవిద్యకు నల్సార్ వచ్చింది, తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ వచ్చింది, 2008లో బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ వచ్చింది, కండ్లకోయ వైపు ఇంజనీరింగ్ కాలేజీలు వచ్చాయి, ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. హాస్టల్ పిల్లలు ఏటా మారతారు, అద్దెకుండేవాళ్లు అంతకన్నా త్వరగా మారతారు. ఒక్కొక్కరి చేతిలో రెండు మూడు పరికరాలు. వీటన్నిటికీ చేత్తో నంబర్లు రాసిచ్చే మనిషిని ఏ ఆపరేటర్ పెట్టుకోగలడు? చిన్న ఆపరేటర్ వందల ఇళ్లకు కనెక్షన్ ఇవ్వగలిగాడంటే, ప్రతి ఇంటి రౌటర్ లోపలి పంపకం తానే చూసుకోవడం వల్లే.

ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన బలహీనత ఒకటుంది. అడిగేవాడిని గానీ ఇచ్చేవాడిని గానీ నువ్వెవరని అడిగే ఏర్పాటు మామూలుగా ఉండదు. హాస్టల్ గదిలో ఒక విద్యార్థి ఇంటినుంచి తెచ్చిన వైఫై రౌటర్‌ను గోడకున్న పోర్టుకు కలిపాడనుకోండి. వైరును బయటి లైనుకు ఉద్దేశించిన వ్యాన్ పోర్టుకు బదులు లోపలి పరికరాలకు ఉద్దేశించిన ల్యాన్ పోర్టులో పెడితే చాలు, పక్క గదుల ల్యాప్‌టాప్‌లు డిస్కవర్ అనగానే కాలేజీ సర్వర్ కన్నా ముందు ఈ రౌటరే ఆఫర్ ఇచ్చేయవచ్చు. ఆ చిరునామా తీసుకున్న ప్రతి ల్యాప్‌టాప్‌కూ దారి ఆ గదిలోకే. నెట్ రాదు, ఎందుకు రాదో తెలియదు. పెద్ద క్యాంపస్‌లలో స్విచ్‌లకే ఫలానా పోర్టు నుంచి తప్ప ఆఫర్లు రానివ్వొద్దని ముందే చెప్పి ఉంచుతారు. డీహెచ్‌సీపీ స్నూపింగ్ అంటారు. అసలు ఎవరూ జవాబు ఇవ్వకపోతే విండోస్ 169.254తో మొదలయ్యే నంబరు తనకు తానే వేసుకుంటుంది. అది కనబడగానే అనుభవమున్న టెక్నీషియన్ వెబ్‌సైట్లు తెరిచి చూస్తూ కూర్చోడు, నేరుగా వైరో స్విచ్చో పట్టుకుంటాడు.

32 బిట్లతో వచ్చేవి సుమారు 429 కోట్ల చిరునామాలు. ప్రపంచ నిల్వలో చివరి భాగాన్ని 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. ఆసియా పసిఫిక్ ప్రాంతంలో చిరునామాలు పంచే సంస్థ అదే ఏడాది ఏప్రిల్ నుంచి పొదుపు రేషన్ మొదలుపెట్టింది. లోపలి వాడకానికి కొన్ని వరుసలను 1994లోనే విడిగా ఉంచారు కాబట్టి బతికాం. మేడ్చల్‌లో ఒక ఇంట్లోనూ శామీర్‌పేటలో ఇంకో ఇంట్లోనూ అదే 192.168.1.7 ఉన్నా తగాదా రాదు, బయటికి వెళ్లేటప్పుడు రౌటర్ దాన్ని తన చిరునామాగా మారుస్తుంది.

ఈ కరువులో 2016 సెప్టెంబరు 5న వచ్చిన జియో ఐపీ ఆరో వెర్షన్‌ను ముందు పెట్టుకుంది. అందులో 128 బిట్లు. కౌలుకు ఇచ్చి తిరిగి తీసుకోవాల్సిన అగత్యమే లేదు. సూజన్ థామ్సన్, థామస్ నార్టెన్ 1996లో రాసిన పద్ధతి ప్రకారం నెట్‌వర్క్ మొదటి 64 బిట్లు మాత్రం ప్రకటిస్తుంది, మిగతా సగం ఫోన్ సొంతంగా కల్పించుకుంటుంది. మొబైల్ నెట్‌వర్క్‌లో ఆ మొదటి సగం టవర్ దగ్గర ఉండదు, లోపల ఎక్కడో ఉన్న ప్రధాన గేట్‌వే దగ్గర ఉంటుంది. మేడ్చల్‌లో బస్సెక్కి శామీర్‌పేటలో దిగేదాకా టవర్లు మారినా మాట్లాడుతున్న వీడియో కాల్ తెగకపోవడానికి అదొక కారణం.

ఆరో వెర్షన్‌కూ 2003లో డీహెచ్‌సీపీ రాశారు, డ్రోమ్స్ పేరు అందులోనూ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లు మాత్రం దాన్నుంచి చిరునామా తీసుకోకుండా చాలా ఏళ్లు గడిపాయి. దాంతో ఎవరికి ఏ చిరునామా వెళ్లిందో ఒక చోట రాసుకోవాలనుకునే కాలేజీలు, ఆఫీసులు చిక్కులో పడ్డాయి. అందుకే పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కనే నడుపుతున్నారు. పాతదాన్ని తీసేయాలంటే ముందు గోడల మీది సీసీ కెమెరాలు, మూలనున్న ప్రింటర్లు, వేలిముద్రల హాజరు యంత్రాలు మారాలి. వాటిలో చాలావాటికి నాలుగో వెర్షన్ తప్ప మరొకటి తెలియదు. అవి పనిచేసినన్నాళ్లూ చాలా ఆఫీసుల్లో ఒక డీహెచ్‌సీపీ సర్వర్ ఉంటూనే ఉంటుంది.