కనకాంబరము కథ



పల్లెలలోని పెద్దలు నన్ను అప్పుడప్పుడు ఒక ప్రశ్న అడుగుచుందురు. "పంతులుగారూ, మల్లెకును జాజికిని మన గ్రంథములలో చోటున్నది గదా, కనకాంబరమునకు లేదేమి? అది మన దేశపు పూవేనా? లేక దొరలు తెచ్చినదా?" అని. తరతరములుగ మన యాడువారు తలలో ముడుచుకొనుచున్న పూవునుగూర్చి మనకీ పాటి సందేహముండుట వింతయే. నాకు తెలిసినంతవరకు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పి, పిదప కూకట్‌పల్లిలోని నా పెరటియందు ఈ మొక్క చావబోయి బ్రతికిన విధమును విన్నవించెదను.

మొదట పేరును విచారింతము. కనకమనగా బంగారము, అంబరమనగా వస్త్రము. బంగారు వస్త్రము గలదని బహువ్రీహి. పేరు సంస్కృతమైనంత మాత్రమున ప్రాచీన నిఘంటువులలో నుండి తీరవలెనను నియమము లేదు. నేను బాల్యమున వల్లించిన అమరకోశములో, వనౌషధివర్గమునందు, మల్లిక కలదు, జాతి కలదు, కరవీరము కలదు. కనకాంబరమను పేరు మాత్రము లేదు. అయినను దీని చుట్టములు అందు కలరు. గోరింటలలో ఎఱ్ఱపూల దానిని కురవకమనియు, పచ్చపూల దానిని కురంటకమనియు అమరసింహుడు వేర్వేరుగ చెప్పినాడు. ఆ ముళ్ళగోరింట, అడ్డసరము, నేలవేము, కనకాంబరము, ఈ నాలుగును వృక్షశాస్త్రజ్ఞుల లెక్కలో ఒకే కుటుంబమునకు చేరినవి. దగ్గు వచ్చినపుడు అడ్డసరపాకు కషాయము త్రాగినవారికి కనకాంబరము పరాయిది కానేరదు.

ఇక పుట్టినిల్లు. దక్షిణ హిందూదేశమును, సింహళమును దీని స్వస్థలములని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దీని గణములో సుమారు 50 జాతులు కలవు. వానిలో పెక్కులు ఆఫ్రికా ఖండమునను, మడగాస్కరు దీవియందును పెరుగునవి. స్వీడను దేశీయుడగు లిన్నేయసు పండితుడు 1759లో దీనికొక లాటిను పేరు పెట్టెను. అందలి రెండవ మాటయగు 'ఇన్‌ఫండిబులిఫార్మిస్' అనుదానికి గరాటు ఆకారము గలదని యర్థము. పూవును తొడిమతో పట్టుకొని చూచినచో ఆ పేరు ఎంత తగియున్నదో తెలియును. 1805లో సాలిస్బరీ అను ఆంగ్లేయుడు 'క్రాసాండ్రా' అను గణము నేర్పరచెను. 1832లో నీస్ అను జర్మను పండితుడు మన పూవును ఆ గణములో చేర్చెను. కావున దొరలు తెచ్చినది లాటిను పేరేగాని పూవు కాదు. పూవే యిక్కడినుండి అక్కడకు ప్రయాణము చేసినది. మంచు కురియు సీమలలో ఇది ఆరుబయట నిలువజాలదు గనుక అచటివారు అద్దపు టిండ్లలోను, కిటికీల దగ్గర కుండలలోను దీనిని పెంచుచున్నారు.

మన యిరుగుపొరుగు భాషలలోను దీనికి పేరున్నది. తమిళులును కన్నడిగులును మనవలెనే కనకాంబరమనియే యందురు. మహారాష్ట్రులును, గోవాలోని కొంకణులును 'అబోలి' యందురు. ఆ మాటకు 'మాటలాడనిది' అను అర్థము తోచును. పరిమళము లేని పూవునకు ఇది యెంత చక్కని పేరు! మల్లె వీధి చివరనుండియే తన రాక చెప్పును. కనకాంబరము దగ్గరకు వచ్చి చూచినవారికి మాత్రమే కనబడును.

వాసన లేని పూవునకు ఇంత ఆదరమెట్లు కలిగినది? సాయంకాలము విచ్చిన మల్లె మరునాటికి వడలును. కనకాంబరము కోసిన పిదప రెండు దినములైనను రంగు చెడక నిలుచును. తేలికయగుటచే ఎంత పొడుగు మాల కట్టినను జడకు బరువు కాదు. మల్లెతోను మరువముతోను కలిపి కట్టినచో వాసన వానిది, వన్నె దీనిది. నిలువయుండు గుణముచేతనే దూరపు పల్లెలో కోసిన పూవు పట్టణపు అంగడికి చేరగలిగినది. హైదరాబాదులో పూల వ్యాపారము చిరకాలము జాంబాగులో జరిగి, తరువాత గుడిమల్కాపురమునకు తరలినది. ఇప్పటికిని అచటి గంపలలో ఈ నారింజ వన్నెను తెల్లవారకముందే చూడవచ్చును.

ఇక మా కూకట్‌పల్లి మాట. బొంబాయికి పోవు బాటమీద చెరువులతోను, బండరాళ్ళతోను, మొరము నేలతోను ఉండిన పల్లె యిది. హౌసింగు బోర్డు కాలనీ వెలసినది. 1998లో సమీపమున సైబర్ టవర్సు లేచినది. 2007లో మా పురపాలకసంఘము మహానగరములో కలిసినది. 2017లో మా తలలమీదుగ మెట్రో రైలు నడచినది. ఈ మార్పులన్నిటిని నా పెరటి కనకాంబరము చూచినది.

1991లో మా అమ్మగారు స్వగ్రామమునుండి మూడు మొక్కలను తడిగోనెలో చుట్టి తెచ్చి, బావి లేని మా యింటి వెనుక, వేపచెట్టు నీడ అంచున నాటినారు. "దీనికి ఉదయపు టెండ కావలె, మిట్టమధ్యాహ్నపు టెండ వలదు" అని ఒక్క మాట చెప్పినారు. ఆమె యున్నన్నాళ్ళు అవి యేడాది పొడుగున పూచినవి. ఆమె గతించిన పిదప ఆ సేవ నాది యైనది.

కొన్నేండ్లకు తూర్పువైపున ఐదంతస్తుల కట్టడము లేచినది. నీడ పెరిగినదిగదా, కనకాంబరమునకు నీడ యిష్టము గదా యని నేను సంతోషించితిని. పండితుడనని పేరేగాని అమ్మ చెప్పిన వాక్యములో సగమే నాకు జ్ఞాపకమున్నది! కొమ్మలు సాగినవి, ఆకులు పెద్దవైనవి, వెన్నులు తగ్గినవి. పూయుటలేదని నేను నీళ్ళు మఱింత పోసితిని. ఎండ లేని నేల ఆరదను సంగతి తలపునకు రాలేదు. ఒక వానాకాలమున రెండు మొక్కలు వడలి పోయినవి. పెరికి చూచితిని. వేళ్ళనిండ బుడిపెలు. వ్యవసాయము తెలిసిన యొకరు చూచి, అది కంటికి కానరాని నులిపురుగుల పని యనియు, ఏండ్ల తరబడి ఒకే గుంటలో ఒకే మొక్క యున్నచో అవి పెరుగుననియు చెప్పినారు.

మిగిలినది ఒక్క మొక్క. అదియు పసుపెక్కినది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ చేతి వ్రాతగాని, చిత్రపటముగాని నా యొద్ద లేదు. ఆమె నాటినది ఇదొక్కటే.

దాని వెన్నుమీద ఎండిన కాయలు కొన్ని యుండెను. ఈ కాయలకొక చిత్రమైన గుణము కలదు. ఎండిన కాయకు నీటిచుక్క తగిలినంతనే టప్పున పగిలి గింజలను దూరముగ చిమ్మును. అందుచేతనే ఇంగ్లీషువారు దీనిని టపాకాయ పూవని పిలుతురు. మరునాడు వాన రాకముందే వెన్నులకు పలుచని గుడ్డసంచి కట్టి గింజలను కూర్చితిని. ఎఱ్ఱమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, కుండలలో చల్లితిని. మొలకలు మెల్లగ వచ్చినవి. ఆరాకు తొడిగిన పిదప, పొద్దుటి యెండ మూడు నాలుగు గంటలు తగులు దక్షిణపు గోడ మూలను వెదకి, క్రొత్త మట్టిలో వేపపిండి కలిపి, మూరెడేసి యెడముతో నాటితిని. పాతగుంటలో ఒక పంట బంతి వేసితిని. నేల పైపొర ఆరినగాని నీళ్ళు పోయలేదు. తల్లిమొక్క ఆ చలికాలము దాటలేదు. పిల్లలు మాత్రము వేసవికి పూచినవి.

ఒక్క విన్నపము. నేడు అంగడిలో ఢిల్లీ కనకాంబరమని పెద్ద పూవుల రకము దొరకును. చూచుటకు అందమైనది. కాని అది గింజ కట్టదు. కొమ్మలు నాటియే పెంచవలెను. మా వీధిలో పాత గింజరకము నా యింట దక్క మరెచ్చటను లేదు. మీ పల్లె పెరళ్ళలో అదింకను ఉండవచ్చును. క్రొత్తదానిని పెంచుడు, తప్పులేదు. తొలకరికి ముందు పాతదాని కాయలు కొన్ని ఏరి, పొడిగ నుంచి, ఆ వానలలోనే చల్లుడు. నీడ యెంత, యెండ యెంత అను మాటను మీ కోడండ్రకును మనుమరాండ్రకును పూర్తిగ చెప్పుడు. నావలె సగము జ్ఞాపకముంచుకొనువారు ఇంటింటను ఉందురు.