వేని క్రెయాతోర్ అభ్యాసము

పవిత్రాత్మను ఆవాహనము చేయు ‘వేని క్రెయాతోర్’ అను లాటిను కీర్తనపై నికొలా ద గ్రిన్యీ కూర్చిన ఆర్గను కృతిని, రానున్న పెంతెకొస్తు పండుగకై, ఫ్రాన్సు దేశమందలి మా చిన్న పట్టణపు దేవాలయమున నేనిపుడు అభ్యసించుచున్నాను. కీర్తన తొమ్మిదవ శతాబ్దినాటిది. గ్రిన్యీ రీమ్స్ మహాదేవాలయమున ఆర్గను వాయించుచు, 1699లో అచ్చొత్తించిన తన యేకైక గ్రంథమున దానికి ఐదు ఖండికలు రచించెను. జర్మనీలో బాఖ్ ఆ గ్రంథమును స్వహస్తముతో ప్రతి వ్రాసికొనెను.

మొదటి ఖండికలో రెండు చేతులును రెండేసి స్వరపంక్తులను నడుపుచుండగా, నడుమ పాదములు త్రొక్కు పలకలపై, ట్రంపెట్ గొట్టముల గంభీరనాదముతో, కీర్తన వరుస ఒక్కొక్క స్వరముగా దీర్ఘమై సాగును. వ్రేళ్లకు పని చెప్పకమున్నే పదునైదు దినములు ఆ వరుసను నోటితో పాడుకొంటిని. ఊపిరి యెచ్చట నిలుపవలయునో కంఠము తెలుపును గాని కాగితము తెలుపదు.

అసలు చిక్కు వేరొకటి. నాటి ఆచారము ననుసరించి ఆర్గను ఒక చరణమును వాయించిన పిమ్మట మరియొక చరణమును గాయకులు పాడవలెను. ఏ తీరున పాడవలెనన్న ఈ ప్రశ్నలో ఈ దేశచరిత్ర యంతయు ఇమిడియున్నది. గ్రిన్యీ కాలమున ఈ గానము స్వరమునకు స్వరము సమానముగా, బరువుగా, మెల్లగా నడిచెడిది. 1790లో విప్లవప్రభుత్వము మఠములను రద్దుచేసెను. 1833లో ప్రోస్పెర్ గెరాంజే సోలెం గ్రామమందలి మఠమును పునరుద్ధరింపగా, అందలి సన్న్యాసులు ప్రాచీన వ్రాతప్రతులను ఒకదానితో నొకటి పోల్చి, మన నాటకములలో పద్యము పాడువారు తాళమును విడిచి పదమును బట్టి సాగునట్లే, ఆదిలో ఈ గానము మాటల ననుసరించి ప్రవహించెడిదని నిర్ధారించిరి. వారిలో ఒకడైన ఆంద్రే మొక్రో 1889 నుండి ఆ ప్రతుల ఛాయాచిత్రములనే ప్రకటింపసాగెను. మతసంఘములపై వచ్చిన 1901 నాటి చట్టమువలన ఆ సన్న్యాసులు ఇంగ్లండునకు ప్రవాసము పోయి, 1922లో గాని తిరిగి రాలేదు.

మా గాయకులు సోలెం పద్ధతిలో శిక్షితులు. ఈ పండుగకు మాత్రము పూర్వపు బరువైన నడకతో పాడుడని వారిని ప్రార్థించితిని. కొందరికి కష్టము తోఁచినది, పిదప అంగీకరించిరి. సోలెం గానము పరమసుందరము, దానిని ఇతర ఆదివారములందు పాడుదుము. గ్రిన్యీ ఖండికల నడుమ గ్రిన్యీ చెవికి సోకిన గానమే యుండవలెను.