నల్లపీటు వేషము

మచిలీపట్టణమున వలందపాలెమను పేట నేటికిని గలదు. వలందులనగా హాలండు దేశపువారు, మనము డచ్చివారందుము. 17వ శతాబ్దమున వారు మన తీరమున బట్టల వర్తకము చేసిరని చరిత్రపుస్తకములలో చదివియున్నాము. ఆ శతాబ్దముననే కఱవుకాలములలో అమ్ముడుపోయిన మనుష్యులను పులికాటు మొదలగు చోళమండలపు రేవులనుండి ఓడల కెక్కించి, బటేవియాకు బానిసలుగా గొనిపోయిరన్న సంగతి మాత్రము మనలో ననేకు లెఱుగరు. కావున ఆ దేశపు పండుగ నొకదానిని గూర్చి పుట్టిన వివాదము మనకు బొత్తిగా సంబంధము లేనిదని త్రోసివేయరాదు.

పూర్వము మైరా పట్టణమునకు బిషప్పుగా నుండిన నికొలాసు మహాత్ముని పేర డచ్చివారు డిసెంబరు 5వ తేదీ సాయంకాలమున పిల్లలకు కానుక లిత్తురు. దీనిని సింటర్‌క్లాస్ పండుగ యందురు. అంతకుముందే నవంబరులో తెల్లగడ్డపు సింటర్‌క్లాస్ స్పెయిను దేశమునుండి పొగయోడలో వచ్చి, గుఱ్ఱమెక్కి ఊరేగును. ఆయన వెంట నల్లపీటులను సేవకులు గంతులు వైచుచు మిఠాయిలు పంచుదురు. ఈ సేవకుల వేషము వేయు తెల్లవారు ముఖమునకు నల్లరంగును, పెదవులకు ఎఱ్ఱరంగును పూసికొని, ఉంగరాల జుట్టు తగిలించుకొని, చెవులకు పోగులు పెట్టుకొనుట పరిపాటిగా నుండెను.

ఈ వేషము అనాదియని పలువురు నమ్మిరి. కాని నల్లని సేవకుడును, పొగయోడయు ప్రచారములోనికి వచ్చుటకు ముఖ్యకారణము 1850లో ఆంస్టర్‌డాము ఉపాధ్యాయుడగు యాన్ షెంక్‌మన్ ప్రకటించిన బొమ్మల పుస్తకము. ఆనాటికి డచ్చివారి వలసరాజ్యములలో బానిసత్వము చట్టసమ్మతమే. సురినామున అది 1863 జూలై 1వ తేదీన రద్దయ్యెను. ప్రభుత్వమువారు తలకు 300 గిల్డరుల చొప్పున పరిహారమిచ్చిరి. ఆ ధనము యజమానులకు ముట్టెను. విడుదలయైనవారికి దక్కినది మఱి పదియేండ్ల నిర్బంధపు కూలి. ఆ గడువు తీఱనున్న 1873 జూను నెలలో లల్లారూఖ్ అను ఓడ కలకత్తానుండి హిందూదేశపు కూలీలను అచ్చటికి జేర్చెను.

ఇక వివాదమునకు వత్తము. పీటు పొగగొట్టము గుండ దిగివచ్చుటచే మసి యంటుకొన్నదనియు, ఇది పిల్లల సంతోషమే గాని జాతిద్వేషము కాదనియు డచ్చివారు పలువురు చెప్పిరి. మసి ముఖమున కంటి దుస్తుల కంటకుండుట యెట్లు? మసివలన పెదవు లెఱ్ఱనగునా? జుట్టు ఉంగరములు తిరుగునా? సురినామునుండి హాలండునకు వలసవచ్చిన కుటుంబములవా రడిగినది ఈ ప్రశ్నలే. నల్లనివారిని వీథిలో పీటని పిలుచు బాధను 1987లోనే గెర్డా హావెర్టోంగ్ అను నటి పిల్లల టెలివిజను కార్యక్రమమున తెలిపెను. 2011లో డోర్డ్రెక్ట్ పట్టణమున ఈ వేషము జాతివివక్షయని వ్రాసిన చొక్కాలు తొడిగి నిలిచిన క్విన్సీ గారియో మొదలగువారిని పోలీసులు బలవంతముగా నిర్బంధించిరి. 2014లో సన్నీ బెర్గ్‌మన్ తన చిత్రమున ఈ వేషమును లండను నగరవాసులకు చూపగా వారు దిగ్భ్రమ జెందిరి. 19వ శతాబ్దమున తెల్లనటులు నల్లరంగు పూసికొని నీగ్రోలను పరిహసించిన నాటకముల నెఱిగిన అమెరికావారికి దీని యర్థము వేఱుగ విప్పిచెప్ప నక్కఱలేదు.

2015లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన సంఘమువారు ఈ వేషమును మార్పించుటకు పాటుపడుడని డచ్చి ప్రభుత్వమును గోరిరి. 2017లో వేషపక్షమువారు రాజమార్గము నడ్డగించి, నిరసనకు బోవువారి బస్సుల నాపిరి. అయినను 2019లో దేశమంతట ప్రసారమైన ఊరేగింపున పీటుల ముఖములపై మసిచారలు మాత్రమే కనబడెను. మొదట వేషమును సమర్థించిన ప్రధానమంత్రి మార్క్ రుట్టె 2020లో తన యభిప్రాయము మాఱినదని శాసనసభలో నొప్పుకొనెను. 2022లో బానిసత్వమునకు ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. 2023 జూలై 1వ తేదీన రాజును క్షమాపణ వేడెను.

ఆ వేషము వేసినవారందఱు దుర్మార్గులని మేమనము. వారిలో ననేకులు బిడ్డలను ప్రేమించు తలిదండ్రులు. తాము బాల్యమున ఆనందించిన దానిలో అన్యుల కవమానమున్నదన్న మాట వారికి కష్టముగ దోచెను. ఈ కష్టము మనకు క్రొత్తది గాదు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు వితంతువివాహము జరిపించినపుడు తాతలనాటి ఆచారము చెడినదని మొఱపెట్టినవారిలో సజ్జనులును గలరు.

నల్లని పిల్ల పుట్టగనే పెండ్లి యెట్లగునని నిట్టూర్చు ఇండ్లు మనలో నెన్ని లేవు? మన చలనచిత్రములలో తెల్లని నటికి నల్లరంగు పూసి పేదపిల్ల యనిపించుట మనమెఱుగమా? చూచి నవ్వుకొను మనము, ఆ నవ్వు వినుచున్న పిల్ల వైపు తిరిగి చూచుట అరుదు. డచ్చివారు పండుగను మానలేదు. కానుకలును, మిఠాయిలును, పొగయోడయు నిలిచియున్నవి. పోవుచున్నది ముఖముమీది రంగు మాత్రమే. మన వేడుకలలోను, పరిహాసములలోను అట్లు తుడిచివేయదగినదేదో చదువరులు తమ తమ ఇండ్లలోనే విచారింతురుగాక.